సోడియం ఒకటి పోగొట్టుకుంటే ప్లస్ ఎలా అవుద్దండీ?

చెరువుగట్టు · భీమవరం దగ్గర · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. ముందే చెప్పేస్తున్నాను, ఇది రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) గురించీ కాదు, రేటు గురించీ కాదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇందాక అన్నాల దగ్గర ఓ ప్రశ్న వేసింది. సోడియం దగ్గర పదకొండు ఎలక్ట్రాన్లు ఉంటాయట, అందులో ఒకటి పోగొట్టుకుంటుందట. "పోయింది కదా నాన్నా, మరి మైనస్ పెట్టాలి కదా. ప్లస్ పెట్టారేంటి? క్లోరిన్‌కేమో ఒకటి వచ్చి చేరింది, దానికి మైనస్ పెట్టారు. తిరగేసి అచ్చేశారా?" అంది. పప్పులో చెయ్యి పెట్టినవాణ్ణి పెట్టినట్టే ఉండిపోయానండి.

నేను ఇంటర్ సీఈసీ. కానీ సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. మూడు రొయ్యల చెరువుల మీద పదేళ్ళుగా బస్తాలకి బస్తాలు మెగ్నీషియం, పొటాషియం పోస్తున్నాను. నీళ్ళ టెస్టింగు కాగితం మీద కూడా కాల్షియం, మెగ్నీషియం నెత్తిన రెండేసి ప్లస్‌లుంటాయి. అవెందుకని ఒక్కసారీ అడగలేదు. పక్కనున్న అంకె తక్కువా ఎక్కువా, అంతే చూసేవాణ్ణి.

పొద్దున్న ఏడున్నరకి స్కూలు బస్సు. ఆ లోపు ఎవరైనా పుణ్యం కట్టుకోండి.


బస్సుకిటికీ · అమలాపురం, ప్రస్తుతం బస్సులో · రాత్రి 9:24

ఎలక్ట్రాన్ పోయాక సోడియం ఏమందో తెలుసా అంకుల్? "అయ్యాను" అంది. అప్పట్నించీ దాన్ని అయాను అంటున్నారు.

(మన్నించాలి. హైదరాబాద్ బస్సెక్కి గంటైంది, ఇంకా రావులపాలెం దాటలేదు.)


పాతపలక · పాలకొల్లు · రాత్రి 9:51

చెరువుగట్టుగారూ, మీ అమ్మాయి తెలివైనది. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్సు చెప్పాను. ఏటా ఒకరో ఇద్దరో ఇదే అడిగేవారు. మిగతా నలభై మందికీ అర్థమైపోయిందని మొదట్లో సంతోషపడేవాణ్ణి. వాళ్ళు బట్టీ కొట్టేశారని పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలిసేది.

పోయింది ఏమిటో చూడాలండి. ఎలక్ట్రానే మైనస్ సరుకు. మైనస్ బయటికి పోతే మిగిలింది ప్లస్ వైపు మొగ్గుతుంది. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు, ఒక్కోటీ ప్లస్ ఒకటి. చుట్టూ 11 ఎలక్ట్రాన్లు, ఒక్కోటీ మైనస్ ఒకటి. సరికి సరి, కాబట్టి పరమాణువుకి ఏ ఆవేశమూ లేదు. ఒక ఎలక్ట్రాన్ పోయింది. ప్రోటాన్లు 11 అలాగే ఉన్నాయి, ఎలక్ట్రాన్లు 10. తేడా ప్లస్ ఒకటి. క్లోరిన్‌లో ప్రోటాన్లు 17, ఎలక్ట్రాన్లు 17. ఒకటి వచ్చి చేరితే 18, తేడా మైనస్ ఒకటి. నెత్తిన రాసేది ఆ తేడాని. అలా తేడా పడిన పరమాణువునే అయాను అంటాం.

ప్రోటాన్ల జోలికి ఎవరూ వెళ్ళరని ఒత్తి చెప్పండి. సోడియంలోంచి ఒక ప్రోటాన్ తీసేస్తే అది సోడియమే కాదు, నియాన్ అయిపోతుంది. ఎంత ఉప్పు వండినా, ఎంత ఇనుము తుప్పు పట్టినా కేంద్రకం చెక్కుచెదరదు.

ఇంకో మాట. తెలుగులో చదివే పిల్లలకి ఇక్కడో వీలుంది. ఋణం అంటే అప్పు. ఎలక్ట్రాన్ని ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నవాడు ఋణాయాను, ఇచ్చినవాడు ధనాయాను. ఈ మాట చెప్పాక నా క్లాసులో తారుమారుగా రాసినవాళ్ళు తగ్గిపోయారు.


చెరువుగట్టు · రాత్రి 10:03

మాస్టారూ, దండాలండి. అమ్మాయి పడుకుంది, పొద్దున్నే చెప్తాను. అప్పు లెక్కయితే నాకూ వెంటనే ఎక్కిందండి, మనకి అలవాటైందే కదా.


వరిమడి · ఉండి · రాత్రి 10:20

మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. అప్పిచ్చినవాడు ధనవంతుడవుతాడంటే మా ఊరి రచ్చబండ దగ్గర నవ్విపోతారండి. పదకొండులో ఒకటి ఇచ్చేసినవాడి దగ్గర పదే ఉన్నాయి, వాడు ధన ఎలా అయ్యాడు? పైగా అప్పన్నాక తీర్చాలి. క్లోరిన్ ఎప్పుడు తీర్చింది?

నన్ను అసలు గుచ్చేది ఇంకోటి. సోడియానికి ఇచ్చెయ్యాలని ఉంటుంది, క్లోరిన్‌కి పుచ్చుకోవాలని ఉంటుంది, బయటి వరసలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండగానే ఇద్దరూ సుఖంగా ఉంటారు. మాకు ట్యూషన్లో ఇలాగే చెప్పారు, పెళ్ళిసంబంధం కుదిర్చినట్టు. ఎనిమిది మంచిదని సోడియానికి ఎవరు చెప్పారండి?


బస్సుకిటికీ · రాత్రి 10:31

వరిమడిగారి మొదటి ప్రశ్న నాకు వదిలెయ్యండి. ఆ ప్లస్, మైనస్ గుర్తులు పరమాణువుని చూసి పెట్టినవి కావు. 18వ శతాబ్దం మధ్యలో, గాజునీ లక్కనీ రుద్ది నిప్పురవ్వలు రప్పించే రోజుల్లో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టినవి. రుద్దిన గాజు వైపు ప్లస్ అనుకున్నాడు. లోపల కదిలేది ఏమిటో ఆయనకి తెలిసే దారి లేదు. 1897 లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ని పట్టుకునేసరికి అది మైనస్ వైపు తేలింది. అప్పటికే పుస్తకాలన్నీ ఆ గుర్తులతో నిండిపోయాయి, తిరగరాసేదెవరు? ఆయన అటుదిటు అనుకుని ఉంటే పాప ఇవాళ ఏ ప్రశ్నా వెయ్యకుండా అన్నం తినేసేది.

రావులపాలెం దాటాం.


పాతపలక · సోమవారం తెల్లవారి 5:40

వరిమడిగారు పట్టుకోవాల్సినచోటే పట్టుకున్నారు. అప్పు పోలిక గుర్తులు తారుమారు కాకుండా చూసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. ఇష్టం, సుఖం అన్న మాటలు నేనూ క్లాసులో వాడాను. ఇప్పుడైతే వాడను.

సోడియం ఊరికే ఇవ్వదండి, ఊడబీకాలి. ఆవిరిగా, విడివిడిగా ఉన్న సోడియం పరమాణువుల్లోంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగడానికి మోలుకి 496 కిలోజౌళ్ళు ఖర్చు. మోలు అంటే పరమాణువుల లెక్కకి పెట్టుకున్న ఒక కొలత, సోడియమైతే 23 గ్రాములు. అదే ఎలక్ట్రాన్ క్లోరిన్ పరమాణువులో చేరినప్పుడు తిరిగొచ్చేది 349. ఇంకా 147 లోటు. అంటే ఈ రెండూ ఒకదానికొకటి దూరంగా ఉన్నంతసేపూ బేరం కుదరదన్నమాట. మరి ఉప్పెలా తయారవుతోంది?

కౌలు పద్దు రాసినట్టు రాస్తాను, చూడండి. యాభై ఎనిమిదిన్నర గ్రాముల (ఒక మోలు) ఉప్పుకి లెక్క ఇది, అన్నీ కిలోజౌళ్ళలో.

సోడియం ముద్దని విడి పరమాణువులు చెయ్యడానికి ఖర్చు 107
క్లోరిన్ జంటల్ని విడగొట్టడానికి ఖర్చు 121
సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి ఖర్చు 496
క్లోరిన్ దాన్ని పుచ్చుకున్నప్పుడు జమ 349
ప్లస్‌లూ మైనస్‌లూ పక్కపక్కన వరసలు కట్టి పలుకుగా పేర్చుకున్నప్పుడు జమ 787

ఖర్చు 724, జమ 1136, మిగులు 412. పుస్తకంలో 411 అని ఉంటుంది, దశాంశాలు వదిలేశాను కాబట్టి ఆ ఒకటి తేడా.

లాభమంతా ఆఖరి వరసలో ఉంది. ఎలక్ట్రాన్ చేతులు మారడం నష్టపు బేరమే. చేతులు మారాక పుట్టిన ప్లస్, మైనస్ ఒకదాన్నొకటి లాక్కుని దగ్గరికి చేరతాయి చూడండి, ఆ చేరడంలో వచ్చింది పాత బాకీలన్నీ తీర్చి పైన మిగిల్చింది. సోడియం ముక్కని క్లోరిన్ వాయువులో పెడితే మంట వస్తుంది కదా, ఆ మంట ఈ 411 దే.

ఇక ఎనిమిది సంగతి. సోడియం ఎలక్ట్రాన్లు లోపలి నుంచి రెండు, ఎనిమిది, ఒకటి. ఆ చివరిది దూరంగా ఉంది, లోపలి పదీ కేంద్రకానికీ దానికీ మధ్య అడ్డుగా ఉన్నాయి. 496 తో ఊడుతుంది. రెండోదాన్ని కూడా లాగాలంటే లోపలి వరసలో చెయ్యి పెట్టాలి, అక్కడ కేంద్రకం పట్టు గట్టిది: 4562. తొమ్మిది రెట్లు! అంత ఖర్చుని ఏ పలుకు కట్టినా పూడ్చలేం. మీ మెగ్నీషియానికి చూడండి. మొదటిది 738, రెండోది 1451, మూడోది 7733. పద్దు ఎక్కడ తెగుతోందో కనిపిస్తోంది కదా, అందుకే మీ కాగితం మీద రెండు ప్లస్‌ల దగ్గర ఆగింది. ఎనిమిది మంచిదని ఎవరూ చెప్పలేదు వరిమడిగారూ. ఆ తర్వాతిది లాగడం గిట్టుబాటు కాదు.


వరిమడి · సోమవారం ఉదయం 6:15

పద్దు బాగుందండి. మా కౌలు పద్దులో ఆఖరి వరసలో ఎప్పుడూ జమ రాదు, అదే బాధ.


గట్టుబాబు · ఉదయం 6:40

40 కౌంటు ఇవాళ ఎంత పలుకుతోంది? భీమవరం వైపు ఎవరైనా చెప్పండి.


నిర్వాహకుడు · ఉదయం 6:52

గట్టుబాబుగారూ, రేట్లకి వేరే దారం ఉంది, మీ ప్రశ్న అక్కడికి మార్చాను. ఇక్కడ సోడియం రేటు తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు.


చెరువుగట్టు · ఉదయం 7:50

బస్సెక్కించి వచ్చానండి. జడ వేయించుకుంటూ విన్నది. "అయితే నెత్తిన రాసేది పోయింది కాదు, మిగిలిన తేడా" అని తనే అంది. వాళ్ళమ్మ దువ్వెన పట్టుకుని నన్నే చూస్తోంది, ఈయనకివన్నీ ఎప్పుడొచ్చాయా అని.

ఇప్పుడు నా సొంత డౌటు. మెగ్నీషియానికి రెండు ప్లస్‌లు కదా. ఎకరానికి ఇన్ని బస్తాలని పోస్తున్నాను. చెరువంతా ప్లస్ ఎక్కిపోయి ఉండాలి. దిగితే షాక్ కొట్టదేంటండి? నవ్వకండి.


ఏడున్నర_పీహెచ్ · ఆక్వా ల్యాబ్ · ఉదయం 8:35

నవ్వాను, అబద్ధమెందుకు. కానీ మా ల్యాబుకి సీసాలు పట్టుకొచ్చే రైతుల్లో ఇది అడిగినవారు ఒక్కరూ లేరండి.

మీ బస్తాలో ఉన్నది మెగ్నీషియం లోహం కాదు. లోహమైతే అంటిస్తే కళ్ళు చెదిరే తెల్లటి వెలుగుతో కాలిపోయే సరుకు. మీరు పోసేది మెగ్నీషియం క్లోరైడో, సల్ఫేటో. క్లోరైడ్ అయితే ఒక్కో మెగ్నీషియంతో పాటు మైనస్ ఒకటి చొప్పున రెండు క్లోరైడ్లు బస్తాలోనే వస్తాయి. సల్ఫేట్ అయితే మైనస్ రెండు ఉన్నది ఒకటి. నీళ్ళలో పడ్డాక విడిపోయి తిరుగుతాయి, కూడితే మాత్రం సున్నా. ప్లస్ ఒక్కటే నింపిన బస్తా ఎక్కడా దొరకదు.

షాక్ మాట మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పోయినేడు మా బావమరిది చెరువులో ఏరియేటరు (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) కేబులు జాయింటు ఊడి నీళ్ళలో వేలాడుతోంది. మేత చల్లే కుర్రాడు మోకాలి లోతు దిగాడు, కాళ్ళు లాగేస్తున్నాయని కేకేశాడు. గట్టు మీద పెద్దాయన పరిగెత్తి మెయిన్ కట్టేశాడు కాబట్టి సరిపోయింది. కరెంటు తెచ్చింది కేబులే, కానీ దాన్ని కుర్రాడి దాకా మోసింది నీళ్ళలోని ఈ ప్లస్‌లూ మైనస్‌లే. ప్లస్‌లు ఒక వైపు, మైనస్‌లు ఇంకో వైపు నడుస్తాయి. అసలు అయాన్ అనే గ్రీకు మాటకి అర్థమే నడిచేది అని. 1834 లో మైకేల్ ఫారడే ఆ పేరు వాడుకలోకి తెచ్చాడు.

మీ ఇంట్లో టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చూపించే చిన్న మీటరు) ఉంటే అమ్మాయికి ఓ ఆట చూపించండి. క్యాను నీళ్ళు గ్లాసుతో పట్టి చూడండి. రెండు చెంచాల పంచదార కలిపి మళ్ళీ చూడండి. తర్వాత వేరే గ్లాసులో చిటికెడు ఉప్పు. ఆ పెన్ను కరిగిన సరుకుని తూకం వెయ్యదు. కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూసి అంకె కడుతుంది.


లంకగాలి · కోనసీమ లంక · ఉదయం 11:20

వంట అయ్యాక తీరిగ్గా చదివాను. నాది డిగ్రీలో కెమిస్ట్రీయే, పెళ్ళయ్యాక లంకకొచ్చి పడ్డాను. మీరంతా ఉప్పు దగ్గరే ఆగారు కాబట్టి ఒక మాట. ఉప్పు నీళ్ళలో వేస్తే అక్కడ ఎలక్ట్రాన్ ఎవరూ ఎవరికీ ఇవ్వరండి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడో అయిపోయింది. పలుకులో ఉన్నవే అయాన్లు, నీళ్ళు వాటిని విడదీస్తాయి, అంతే. ఫారడే కాలంలో కరెంటు పెడితేనే అయాన్లు పుడతాయనుకున్నారు. కరెంటు పెట్టకపోయినా నీళ్ళలో ఉంటాయని 1884 లో స్వాంతే అర్హీనియస్ తన సిద్ధాంత వ్యాసంలో రాస్తే యూనివర్సిటీవాళ్ళు తక్కువ మార్కులిచ్చారు. 1903 లో నోబెల్ ఆయనకే వచ్చింది. పలుకులో కూడా సోడియం క్లోరైడ్ జంటలు విడిగా ఉండవని, సోడియం, క్లోరిన్ ఒకటి విడిచి ఒకటి వరసలు కట్టి ఉంటాయని 1913 లో బ్రాగ్ ఎక్స్-కిరణాలతో తేల్చాడు.

ఎలక్ట్రాన్ పోవడం కళ్ళారా చూడాలంటే మా బోరింగు దగ్గరికి రండి. కొట్టగానే నీళ్ళు తేటగా, కొబ్బరినీళ్ళలా ఉంటాయి. స్టీలు బిందెలో పట్టి గట్టు మీద పెడితే కాసేపటికి పైన నూనె తెట్టులా మెరుస్తుంది. మధ్యాహ్నానికి నీళ్ళు టీ రంగు, సాయంత్రానికి అడుగున ఇటుకపొడిలాంటి మడ్డి. మా అత్తగారు దాన్ని "కిలుం నీళ్ళు" అంటారు. మా ఆయన తెల్ల పంచెలన్నీ ఆ నీళ్ళతో ఉతికే లేత కాషాయంలోకి దిగాయి, సన్యాసం పుచ్చుకున్నారా అని చుట్టాలు అడుగుతుంటారు.

భూమి లోపల గాలి తగలనిచోట ఇనుము ప్లస్ రెండుగా ఉంటుంది. అది నీళ్ళలో కరుగుతుంది, రంగు తెలీదు. బిందెలోకి వచ్చాక గాలిలోని ఆక్సిజన్ దాని దగ్గర ఇంకో ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. ప్లస్ రెండు కాస్తా ప్లస్ మూడు. ఆ ప్లస్ మూడు నీళ్ళలో నిలవలేదు, ఎర్రమడ్డిగా దిగిపోతుంది. ఒక్క ఎలక్ట్రాన్ తేడా, అంతేనండి. అక్కడ తేట, ఇక్కడ తుప్పు. నిమ్మచెక్క పెట్టి రుద్దితే మరక కొంత వదులుతుంది, పంచెకి మాత్రం ఆశ లేదు.


వరిమడి · మధ్యాహ్నం 12:05

అమ్మా, ఇది మా మడిలోనూ ఉంది. వరి దుబ్బు పీకితే వేళ్ళకి ఎర్రటి పూత ఉంటుంది, తెలియనివాళ్ళు తెగులనుకుంటారు. నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఆడదు కదా, మీరన్న ప్లస్ రెండు ఇనుమే ఉంటుంది. వరి ఆకుల్లోంచి గాలిని వేళ్ళ దాకా దించుకుంటుంది, ఆ గాలి వేరు చుట్టూ చిమ్మినచోట ఇనుము ప్లస్ మూడై పూతలా అంటుకుంటుంది. వ్యవసాయ డిప్లొమాలో చదివాను, పేపర్లో రాశాను కూడా. ఆ పూతలో ఎలక్ట్రాన్ ఉందని మాత్రం ఇవాళే తట్టింది.


పాతపలక · మధ్యాహ్నం 12:40

అమ్మా లంకగాలీ, పిల్లల్ని ఉప్పుతో మొదలుపెట్టించి ముప్పై ఏళ్ళు తప్పు చేశాను. ప్రతి ఊళ్ళో బోరింగు ఉంది. బిందె పెట్టి మూడు గంటలు ఆగితే సరిపోయేది.

మా స్కూల్లో సోడియం ముక్క కిరోసిన్ సీసాలో ఉండేది. ఒకడు గోరంత ముక్క జేబురుమాల్లో చుట్టుకుపోయి కుళాయి తొట్టిలో వేశాడు. ఢామ్మంది, తొట్టి అంచు ఎగిరింది. హెడ్మాస్టారు వాణ్ణి వదిలేసి నన్ను నిలబెట్టారు. సోడియం అయాను సముద్రం నిండా ఉన్నా ఒక్క బుడగ రాదు. అదే సోడియం, ఒక్క ఎలక్ట్రాన్ ఎక్కువుంటే తొట్టి పగిలింది. ఆ రోజు ఈ మాట చెప్పాల్సింది, చెప్పే స్థితిలో లేను.


ఏడున్నర_పీహెచ్ · మధ్యాహ్నం 2:10

చెరువులవాళ్ళకి ఒక హెచ్చరిక. నెత్తిన ప్లస్ ఉన్నదల్లా ఎలక్ట్రాన్ పోగొట్టుకుని వచ్చిందని అనుకోకండి. మనందరి శత్రువు అమ్మోనియా ఉంది కదా, అది నీళ్ళలోంచి ఒక హైడ్రోజన్ అయాన్ని, అంటే ఒట్టి ప్రోటాన్ని, తగిలించుకుని అమ్మోనియం అవుతుంది. వచ్చిందే ప్లస్ కాబట్టి తనూ ప్లస్ అయింది. ఎలక్ట్రాన్ పోలేదు, ఏ కేంద్రకమూ మారలేదు. ప్రోటాన్ల జోలికి ఎవరూ వెళ్ళరని మాస్టారన్నది దీనితో కలిపేసుకోకండి.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ ప్లస్ ఉన్నంతసేపూ అది రొయ్య మొప్పలోకి తేలిగ్గా దూరదు. ప్లస్ లేని అమ్మోనియా దూరిపోతుంది, చంపేది అదే. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 8 దగ్గర నూటికి అయిదారు పాళ్ళే ప్లస్ లేకుండా ఉంటుంది. 9 కి చేరితే మూడో వంతు దాటుతుంది. పాచి ఎక్కువున్న చెరువులో మధ్యాహ్నం ఎండకి పీహెచ్ ఎక్కుతుంది కదా, పొద్దున్న బాగున్న చెరువు మూడింటికి పాడైందంటే టెస్టింగు తప్పని మా మీద అరవకండి.

పొటాషియం గురించి కూడా. సముద్రపు నీళ్ళలో లీటరుకి సోడియం పది గ్రాముల పైచిలుకు, పొటాషియం 0.4 గ్రాము. వాటా దాదాపు 28 కి 1. మెగ్నీషియం కాల్షియానికి మూడింతలు. బోరు ఉప్పునీళ్ళలో ఈ వాటాలుండవు, పొటాషియం చాలాచోట్ల బాగా తక్కువ. సోడియానికీ ఒకటే ప్లస్, పొటాషియానికీ ఒకటే ప్లస్, మరి దానికి బదులు ఇది సరిపోదా అని కొందరంటారు. సరిపోదు. పొటాషియం అయాను సోడియం అయాను కంటే పెద్దది, రొయ్య కణాల్లో సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపలికి లాగే పంపు ఆ రెండింటినీ విడివిడిగా గుర్తుపడుతుంది. తక్కువైతే రొయ్య వంకర్లు పోతుంది, పొర విడిచేటప్పుడు పోతుంది. సెలినిటీ (మొత్తం ఉప్పదనం) అంకె ఒక్కటే చూసి గట్టు దిగకండి.


లంకగాలి · సాయంత్రం 4:45

గోదారి ఎర్రనీళ్ళు తగిలే నెలల్లో మా ఇంట్లో రోజూ జరిగే ఇంకో పని ఉంది. బిందెడు వరదనీళ్ళు పట్టి, పటిక ముక్క చేత్తో పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి తీసేస్తాం. మా అత్తగారైతే చిల్లగింజ అరగదీసి కలిపేవారు. తిప్పకపోతే ఆ నీళ్ళు మూడు రోజులైనా తేరవు. తిప్పితే గంటలో మట్టి చిన్న చిన్న దూదిపింజల్లా కట్టి కిందికి దిగుతుంది.

మెత్తని బంకమట్టి రేణువుల మీద మైనస్ ఉంటుంది. అన్నీ మైనస్‌లే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటికలో అల్యూమినియం ప్లస్ మూడు. అది మధ్యలో దూరి వాటి మైనస్‌ని అణిచేస్తుంది, తనూ తెల్లటి జిగురు మడ్డిగా మారి మట్టిని చుట్టేసుకుపోతుంది. ఉప్పు కూడా ఈ పని చేస్తుంది గానీ ప్లస్ ఒక్కటే కదా, పటికతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. మన డెల్టా ఇలాగే కట్టింది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది కదా, ఉప్పు తగలగానే మట్టి దిగిపోతుంది.


వరిమడి · సాయంత్రం 5:02

డెల్టా మొత్తం ఉప్పు ఖాతాలో రాసెయ్యకండమ్మా. ఇసుక దిగేది నీటి జోరు తగ్గడంవల్ల, దానికి ఆవేశాలతో పని లేదు.


లంకగాలి · సాయంత్రం 5:10

ఒప్పుకుంటాను. ఇసుక జోరుది, బంకమట్టి ఉప్పుది. మీ వరిమడిలో కాలికి అంటుకునేది నా ఖాతాలోదే.


చెరువుగట్టు · రాత్రి 8:30

నేను చెరువుగట్టుగారి అమ్మాయిని, నాన్న ఫోన్లోంచి రాస్తున్నాను. అందరికీ నమస్కారం.

పెన్నుతో చూశాను. క్యాను నీళ్ళు 48. రెండు చెంచాల పంచదార వేసి బాగా కలిపాక 48. నాన్న పెన్ను పాడైందన్నారు. వేరే గ్లాసులో చిటికెడు ఉప్పు వేస్తే 1140. పెన్ను బాగానే ఉంది. పంచదార నీళ్ళు తమ్ముడు తాగేశాడు.

లంకగాలి ఆంటీ చెప్పిన పటిక గురించి ఒక డౌటు. అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చేసింది కదా. ఆ మూడూ ఎవరు తీసుకున్నారు? నాన్న పొటాష్ పటిక అంటే అందులో పొటాషియం కూడా ఉంటుందన్నారు. అదీ ఇచ్చేదే కదా. ఇద్దరూ ఇచ్చేవాళ్ళే అయితే?


లంకగాలి · రాత్రి 8:55

బంగారుతల్లీ, పటికలో సల్ఫేట్లు రెండుంటాయి. ఒక్కో సల్ఫేటుకి మైనస్ రెండు. నువ్వే కూడు.


చెరువుగట్టు · రాత్రి 8:58

ఒకటీ మూడూ నాలుగు. రెండు రెళ్ళు నాలుగు. సరిపోయింది! కానీ ఎప్పుడు ఇచ్చింది?


పాతపలక · రాత్రి 9:20

ఎప్పుడని అడిగావు చూడు, అది మంచి ప్రశ్నమ్మా. పటిక చేసినవాళ్ళు అల్యూమినియం ముద్ద తెచ్చి ఎలక్ట్రాన్లు తియ్యలేదు. బాక్సైటులోనూ బంకమట్టిలోనూ అది మొదటినుంచీ ప్లస్ మూడుగానే, ఆక్సిజన్‌తో కలిసి ఉంది. భూమి పైపొరలో ఎక్కడ తవ్వినా అంతే. అల్యూమినియం ఇంత విస్తారంగా ఉండి కూడా లోహంగా 19వ శతాబ్దం దాకా ఎవరికీ దొరకకపోవడానికి అదే కారణం.

మీ వంటింట్లో అల్యూమినియం గిన్నె ఉంటే తీసి చూడు. అందులోని ప్రతి పరమాణువుకీ ఒకప్పుడు మూడు ప్లస్‌లుండేవి. కరిగించిన ముడిసరుకులోకి కరెంటు పంపించి, ఒక్కోదానికీ మూడేసి ఎలక్ట్రాన్లు బలవంతంగా తిరిగి ఎక్కించారు. ఆ పద్ధతి 1886 లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టారు. ఇప్పటికీ కిలో లోహానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.


వరిమడి · రాత్రి 9:26

ఆగండి మాస్టారూ. అంటే అప్పు తీరుతుందన్నమాట! నిన్న నేనడిగింది అదే కదండి.


పాతపలక · రాత్రి 9:29

తీరుతుంది. కరెంటు బిల్లు కట్టేవాడు ఒకడుండాలి.


చెరువుగట్టు · రాత్రి 9:41

ఇప్పుడు నేనే రాస్తున్నాను. అమ్మాయి వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించి ఏది అల్యూమినియమో, ఏది స్టీలో ఏరుతోంది. వాళ్ళమ్మ నా మీద కేకలేస్తోంది. ఏరియేటర్ల బిల్లే రెండు నెలలది బాకీ ఉందండి, సోడియం బాకీ మాత్రం నా వల్ల కాదు.